రాత్రిపూట తోడు నిలబడిన పిల్లలు, వాళ్ల వెనక మన సంఘాలు

(సమాఖ్య వార్షిక మహాసభలో మలక్‌పేట సంఘ లీడర్ చేసిన ప్రసంగం)



ఈ ఏడాది పొదుపు ఎంత అయింది, బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, వాయిదాలు ఎక్కడిదాకా కట్టినం అనే లెక్కలు కోశాధికారి అక్క ఇప్పుడే చదివారు. మమ్మల్ని వేరే విషయం మాట్లాడమన్నారు. ఈ ఏడాది మన బస్తీల దగ్గర కాలేజీ పిల్లలు రాత్రిపూట వాలంటీర్లుగా నిలబడ్డారు కదా. ఆ పని ఎట్లా నడిచింది, అందులో మన సంఘాలు ఏం చేసినయి, వచ్చే ఏడాది కూడా అది నడవాలంటే ఏం కావాలి, ఇవి చెప్పమన్నారు. మాలో ఎక్కువమంది పదో తరగతి దాకా చదివినవాళ్లమే. పెద్ద పెద్ద మాటలు రావు. చూసింది, చేసింది చెప్తాం. చివర్లో మీ అందరి ముందు ఒక తీర్మానం పెడతాం. దాని మీద మీరు చెయ్యెత్తాలి.

ముందుగా ఒక మాట. రాత్రిపూట బయట తిరగడం అనంగనే మనకు పబ్బులు, పెద్ద కార్లు, జూబ్లీహిల్స్ గుర్తుకొస్తాయి. అది మన సంగతి కాదులే అనుకుంటాం. మా సంఘం మీటింగ్‌లో ఒకరోజు కూర్చొని లెక్క వేశాం. మలక్‌పేటలో రాత్రి తొమ్మిది దాటినాక రోడ్డు మీద ఉండే ఆడవాళ్లు ఎవరెవరు అని. లెక్క వేస్తే అందులో మనమే ఉన్నాం. ఫంక్షన్ హాళ్లల్లో వడ్డించి, ప్లేట్లు కడిగి అర్ధరాత్రి దాటినాక ఇంటికొచ్చేది మన అక్కలే. ఆస్పత్రుల్లో ఆయాలుగా, హౌస్‌కీపింగ్‌లో సెకండ్ షిఫ్టు చేసి వచ్చేది మన చెల్లెళ్లే. టిఫిన్ బండి మూసి, గిన్నెలతో బండిని తోసుకుంటూ వచ్చేవాళ్లు ఉన్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ అయిపోయి వచ్చే మన ఆడపిల్లలు ఉన్నారు.

ఇంక పండుగలు చూడండి. రంజాన్ నెలంతా రాత్రే సందడి. బోనాలు, వినాయక నిమజ్జనం, సద్దుల బతుకమ్మ, జనవరి వస్తే నాంపల్లి నుమాయిష్. మనం సంవత్సరమంతా కష్టపడి, పిల్లల చెయ్యి పట్టుకొని నాలుగు రోజులు సంతోషంగా బయటికి పోయేది కూడా చీకటి పడినాకే.

మరి భద్రత అంటే ఇన్నేండ్లు మనకు చెప్పింది ఒక్కటే. చీకటి పడకముందే ఇంటికి రా. ఈ మాట మనమూ మన బిడ్డలకు చెప్తాం, ప్రేమతోనే చెప్తాం. కానీ పెండ్లి భోజనాలు కాకముందే పంపమంటే క్యాటరింగ్ ఆయన పంపుతాడా? షిఫ్టు మధ్యలో సూపర్‌వైజర్ ఇంటికి పొమ్మంటాడా? బతుకుదెరువు కోసం రాత్రి బయట ఉన్న ఆడదానికి ఆ మాట పనికిరాదు. ఆమెకు కావాల్సింది దారిలో వెలుతురు, నలుగురు మనుషులు, పిలిస్తే పలికే ఒక గొంతు.

ఈ సంగతి మనకంటే ముందే వేరే దేశాల ఆడవాళ్లు కూడా అడిగారు. ఇంగ్లండ్‌లో లీడ్స్ అనే ఊరి చుట్టుపక్కల 1970ల్లో ఒక హంతకుడు ఆడవాళ్లను వరుసగా చంపుతుంటే, చీకటి పడినాక ఆడవాళ్లు బయటికి రావద్దని పోలీసులు చెప్పారు. అప్పుడు అక్కడి ఆడవాళ్లు, చంపేది మగవాడైతే ఇంట్లో కూర్చోవాల్సింది మేమెందుకు అన్నారు. 1977 నవంబర్‌లో లీడ్స్‌లో, ఇంకా వేరే ఊళ్లల్లో రాత్రిపూట గుంపులుగా రోడ్ల మీద నడిచారు. మొన్న మొన్న 2024 ఆగస్టులో కోల్‌కతాలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మను ఆస్పత్రిలోనే చంపిన తర్వాత, ఆగస్టు 14 అర్ధరాత్రి బెంగాల్ అంతటా ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు రోడ్ల మీదికి వచ్చారు. రాత్రి మాది కూడా అన్నారు. టీవీల్లో మీరంతా చూసే ఉంటారు.

మన హైదరాబాద్ కూడా తక్కువేం కాదు. 1974లో ఉస్మానియా యూనివర్సిటీ ఆడపిల్లలు కలిసి ప్రగతిశీల మహిళా సంఘం పెట్టుకున్నారు. బస్సుల్లో, రోడ్ల మీద ఆడపిల్లలను ఏడిపించడాన్ని, కట్నాలను ఎదిరించారు. అంటే మన నగరంలో ఆడపిల్లల భద్రత గురించి విద్యార్థులు పట్టించుకోవడం యాభై ఏండ్ల నాటి సంగతి. పోలీసుల షీ టీమ్స్ మొదలైంది 2014 అక్టోబర్ 24న. అంతకు నలభై ఏండ్ల ముందే ఆ పిల్లలు రోడ్డు మీద నిలబడ్డారు.

ఇంకో సంగతి వింటే మీకు సంతోషమైతది. మనం ఏటా పోయే నుమాయిష్‌ను మొదలుపెట్టింది కూడా ఉస్మానియాలో చదివిన యువకులే. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా పెట్టారు. 1946లో ఇప్పుడున్న గ్రౌండ్‌కు మారింది. ఈ నగరంలో కుటుంబమంతా రాత్రిపూట భయం లేకుండా తిరిగే ఒక జాగాను మనకు ఇచ్చింది చదువుకున్న పిల్లలే అన్నమాట.

ఇప్పుడు మన పిల్లల సంగతికి వస్తాం. కిందటి ఏడాది వినాయక చవితి ముందు, దగ్గరి డిగ్రీ కాలేజీ ఎన్ఎస్ఎస్ పిల్లలు కొందరు మా మీటింగ్‌కు వచ్చారు. ఎన్ఎస్ఎస్ అంటే జాతీయ సేవా పథకం. గాంధీజీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న మొదలైంది. నేను కాదు, మీరు అనేది దాని నినాదం. అందులో చేరిన విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవ చెయ్యాలి. చెట్లు నాటుడు, రక్తదానం, రోడ్డు ఊడ్చుడు చేస్తుంటారని మనకు తెలుసు. వీళ్లు వచ్చి, "ఆంటీ, రాత్రిపూట మీ బస్తీ దగ్గర ఎక్కడెక్కడ ఇబ్బంది ఉన్నదో మీకే తెలుసు, మాకు చూపించండి" అన్నారు.

అది మాకు నచ్చింది. ముందే ప్లాన్ చేసుకొని వచ్చి మనకు చెప్పలేదు. మనల్ని అడిగారు. మా సంఘం అక్కలు నలుగురు వాళ్లను వెంటబెట్టుకొని రాత్రి తొమ్మిదిన్నరకు తిప్పారు. మెట్రో స్టేషన్ మెట్లు దిగినాక లైటు లేని మలుపు చూపించారు. వైన్స్ ముందు నుంచి పోవాల్సిన గల్లీ చూపించారు. రైల్వే స్టేషన్ వైపు నడిచే దారి చూపించారు. ఏ షాపు ఆయన మంచోడు, ఆపదొస్తే షట్టర్ తీస్తాడు అనేది కూడా చెప్పారు. పోలీసుల మ్యాపులో ఇవి ఉండవు. మన కాళ్లకే తెలుసు ఇవన్నీ.

2024 సెప్టెంబర్ 17న నిమజ్జనం అయింది. దిల్‌సుఖ్‌నగర్, సైదాబాద్ వైపు నుంచి వినాయకులు చాదర్‌ఘాట్ మీదుగా ట్యాంక్‌బండ్ వైపు పోతాయి కదా. ఆ రోజు పిల్లలు ఇద్దరిద్దరుగా నిలబడ్డారు. మెడలో ఐడీ కార్డు, మీద మెరిసే జాకెట్టు, చేతిలో టార్చి. మన సమాఖ్య సాధారణ నిధి నుంచి టార్చిలైట్లు, మంచినీళ్ల క్యాన్లు కొన్నాం. రోడ్డు పక్కన ఒక టేబుల్ వేసి మా అక్కలు వంతుల వారీగా కూర్చున్నారు.

ఆ రాత్రి ఏం జరిగింది అంటే, పేపర్లో వేసేంత పెద్ద సంగతి ఏమీ జరగలేదు. తప్పిపోయిన పిల్లలు వచ్చారు, వాళ్ల అమ్మలు వచ్చారు. ముసలమ్మ ఒకామెకు కళ్లు తిరిగితే కూర్చోబెట్టి నీళ్లు తాగించారు. గుంపు తోపులాటలో చెప్పులు పోయినవాళ్లు ఎంతమందో. గాజు పెంకుల మీద ఉత్త కాళ్లతో నడవాల్సి వస్తది. అందుకని మా అక్కలు ఇండ్లల్లో పాత చెప్పులు అన్నీ ఒక బస్తాలో తెచ్చి పెట్టారు. ఆ బస్తా రెండు గంటల్లో ఖాళీ అయింది.

తర్వాత ఆ పిల్లలే మాకు చెప్పారు. లండన్‌లో బ్రిక్స్‌టన్ అనే పేటలో 2003లో చర్చి వాళ్లు స్ట్రీట్ పాస్టర్స్ అని మొదలుపెట్టారట. శుక్రవారం, శనివారం రాత్రుళ్లు తిరుగుతూ, ఎత్తు మడమల చెప్పులు విప్పేసి ఉత్త కాళ్లతో నడిచే ఆడపిల్లలకు హవాయి చెప్పులు ఇస్తారట. ఎక్కడి లండన్, ఎక్కడి మలక్‌పేట, రాత్రి రోడ్డు మీద ఆడపిల్లకు కావాల్సింది మాత్రం ఒకటే అని మా అక్కలు నవ్వుకున్నారు.

జనవరి, ఫిబ్రవరిలో నుమాయిష్ రోజుల్లో పని వేరే రకంగా నడిచింది. గాంధీభవన్, నాంపల్లి స్టేషన్లల్లో ఎక్కిన మనవాళ్లు మలక్‌పేట, న్యూమార్కెట్, మూసారాంబాగ్ స్టేషన్లల్లో దిగుతారు. మెట్రోలో భయం లేదు. లైట్లున్నయి, కెమెరాలున్నయి. భయమంతా మెట్లు దిగినాక ఇంటిదాకా ఉన్న ఆ పది నిమిషాల నడకలోనే. శని, ఆదివారాల్లో పిల్లలు రాత్రి తొమ్మిదిన్నర నుంచి ఆఖరి మెట్రో దాకా స్టేషన్ కింద ఉన్నారు. ఒకే గల్లీకి పోయేవాళ్లను కలిపి పంపడం వాళ్ల పని. ఒక్కొక్కరుగా పోతే ముగ్గురు భయపడాలి, ముగ్గురూ కలిసి పోతే ముచ్చట పెట్టుకుంటూ పోతారు. ఇందులో డబ్బు ఖర్చు లేదు. వాళ్లను కలిపే మనిషి ఒకరు ఉండాలి, అంతే.

రంజాన్ నెలలో ముస్లిం పిల్లలు ముందుండి నడిపారు. మన ఆపాలు ఇఫ్తార్ తర్వాత టేబుల్ దగ్గర కూర్చున్నారు. బజారుకు వచ్చిన ఆడవాళ్లకు, పిల్లలకు నీళ్లు, దారి చూపుడు, ఆటో మాట్లాడిపెట్టుడు. హిందూ పిల్లలు ఆ రోజుల్లో డ్యూటీ ఎక్కువ చేశారు, వాళ్లకు ఉపవాసం లేదు కాబట్టి. నిమజ్జనం రోజు ముస్లిం పిల్లలు చేసినట్టే. మన పాతబస్తీలో పెద్దలు కూడా ఇట్లాంటిది చేసి చూపించారు. 2023లో నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ రెండూ సెప్టెంబర్ 28నే వస్తే, ముస్లిం పెద్దలు మిలాద్ ఊరేగింపును అక్టోబర్ 1కి మార్చుకున్నారు. 2024లో కూడా నిమజ్జనం అయినాకే, సెప్టెంబర్ 19న తీశారు. పెద్దలు తారీఖు మార్చుకున్నారు, పిల్లలు డ్యూటీలు మార్చుకున్నారు.

ఇప్పుడు ఈ పిల్లలు నేర్చుకున్న పద్ధతులు కొన్ని చెప్తాం. ఇవి వాలంటీర్లకే కాదు, మనకు కూడా పనికొస్తాయి.

ఎవరైనా ఆడపిల్ల వెంటపడుతున్నారని కనిపిస్తే ఏం చెయ్యాలి? కొట్లాటకు దిగడం ఒక్కటే దారి కాదు. రైట్ టు బీ అనే సంస్థ ఐదు పద్ధతులు నేర్పుతది. మొదటిది మాట మళ్లించడం. ఆ పిల్ల దగ్గరికి పోయి, "ఏమ్మా, మీ అమ్మ బాగున్నదా?" అని తెలిసినదాని లెక్క పలకరించాలి. వాడు ఆడికే సగం తగ్గుతాడు. రెండోది వేరేవాళ్లను పిలవడం. షాపాయనను, కండక్టర్‌ను, పోలీసును. మూడోది ఏం జరిగిందో ఫోన్లో తీసిపెట్టడం. ఆ వీడియో ఆ పిల్లకే ఇవ్వాలి, గ్రూపుల్లో పెట్టొద్దు. నాలుగోది అంతా అయినాక ఆ పిల్ల దగ్గర కూర్చొని, ఇంటిదాకా రమ్మంటావా అని అడగడం. ఐదోది వాడినే నేరుగా అడగడం. ఇది మనకు ప్రమాదం లేదనుకున్నప్పుడే చెయ్యాలి. ఈ ఐదింట్లో మొదటిది మన ఆడవాళ్లకు పుట్టుకతోనే వస్తది. ముచ్చట పెట్టడం మనకు ఎవరు నేర్పాలి?

పిల్ల తప్పిపోతే దొరికిన జాగాలోనే నిలబడాలి. ఎత్తుకొని అటు ఇటు తిరగొద్దు. నాది అని ఎవరైనా వస్తే వెంటనే ఇవ్వొద్దు. పిల్ల పేరు, డ్రెస్సు రంగు, అన్నదమ్ముల పేర్లు అడగాలి. పిల్ల ఆ మనిషిని చూసి ఎట్లా ఉన్నదో చూడాలి. అనుమానమొస్తే పోలీసుకే అప్పగించాలి. పిల్లలకు సహాయం నంబరు 1098.

తాగి పడిపోయినవాణ్ని చూసి మనం ముక్కు మూసుకొని పోతాం. శ్వాస ఆడుతున్నదా చూసి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వెల్లకిలా ఉంటే వాంతి గొంతుకు అడ్డం పడి ప్రాణం పోతది. మగ వాలంటీర్లు ఈ పని చేసి 108కు ఫోన్ చేస్తారు. 108 అంబులెన్స్ 2005లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది. వాడూ ఎవరింటి మనిషో. మన ఇండ్లల్లోనే ఉన్నరు అట్లాంటోళ్లు.

యాక్సిడెంట్ అయినవాళ్లను ఆస్పత్రికి తీసుకపోతే కేసుల చుట్టూ తిప్పుతారని భయపడతాం. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చారు. సహాయం చేసినవాళ్ల మీద కేసు పెట్టొద్దని అందులో ఉన్నది. ఇష్టం లేకపోతే పేరు చెప్పమని బలవంతం చెయ్యొద్దని దాని కింద వచ్చిన రూల్స్‌లో ఉన్నది.

ఫిర్యాదు ఇయ్యాలంటే ఏ స్టేషన్ పరిధి అని వెనక్కి పంపొద్దు. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఎక్కడ జరిగినా, ఏ స్టేషన్‌లోనైనా రాసుకోవాలి. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో ఇది రాసి ఉన్నది. వెంటపడి వేధించడం కూడా నేరమే, భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. ఫోన్ నంబర్లు మీ సంఘం పుస్తకం అట్ట మీద రాసుకోండి. 100 లేదా 112 పోలీసు, 181 మహిళల హెల్ప్‌లైన్, 108 అంబులెన్స్, 1098 పిల్లల కోసం.

ఇంతవరకు బాగానే ఉన్నది. ఇప్పుడు అసలు సంగతి, ఇవాళ మనం తేల్చుకోవాల్సింది.

ఈ వాలంటీర్లల్లో ఆడపిల్లలు తక్కువ. మొదట్లో కొంచెం మంది ఉండిరి. సంక్రాంతి వచ్చేసరికి ఇంకా తగ్గారు. మగపిల్లలు ఎంత మంచోళ్లయినా, రాత్రి పదికి ఒక ఆడపిల్ల భయపడి వచ్చినప్పుడు వాళ్లతో చెప్పుకోదు. నెలసరి వచ్చి బట్ట ఖరాబైందని మగపిల్లవానికి ఎట్లా చెప్తది? గుంపులో ఎవడో చెయ్యి వేశాడని ఎట్లా చెప్తది? జాకెట్టు వేసుకున్న ఆడపిల్ల కనిపిస్తేనే దగ్గరికి వస్తది. ఇది మేము టేబుల్ దగ్గర కూర్చొని కండ్లారా చూశాం. మా అక్కలు లేచి పక్కకు తీసుకపోతేనే నోరు తెరిచారు.

మరి ఆడపిల్లలు ఎందుకు తగ్గారు? వాళ్లకు ఇష్టం లేక కాదు. ఇండ్లల్లో పంపలేదు. ఆ ఇండ్లు ఎవరివి? మనవే. ఆ కాలేజీలో మన సంఘాల ఆడపిల్లలు చదువుతున్నారు.

మా మీటింగ్‌లో దీని మీద రెండు గంటలు వాదులాట అయింది. ఒక అక్క అన్నది: "రాత్రి పదింటికి నా బిడ్డ రోడ్డు మీద నిలబడితే రేపు సంబంధం వచ్చినోళ్లకు ఏం చెప్పాలె? అందరి బిడ్డల భద్రత కోసం నా బిడ్డను రోడ్డు మీద పెట్టుమంటరా?" ఇంకో ఆపా అన్నది: "మా ఇంట్ల వాళ్ల అబ్బా ఒప్పుకోరు. నేను అడిగితే నా మీదికి వస్తరు." ఒకామె అయితే, "పోలీసులకు జీతాలిస్తున్నరు గదా, వాళ్ల పని మన పిల్లలెందుకు చెయ్యాలె" అన్నది. ఇవి తీసిపారేసే మాటలు కావు. ముగ్గురూ సంసారం ఈదుతున్న ఆడవాళ్లే. మేము ఎవర్నీ తప్పు పట్టలేదు.

పోలీసుల పని పోలీసులే చెయ్యాలి. షీ టీమ్స్ సివిల్ డ్రెస్సులో గుంపులో ఉండి పోకిరీలను పట్టుకుంటారు. పట్టుకునుడు, కేసు పెట్టుడు పిల్లల పని కాదు, వాళ్లు దాని జోలికి పోరు కూడా. వాళ్లు నిలబడేది తోడు కోసం. పోలీసును చూసి మనం ఎంత చిన్న సంగతి చెప్పాలన్నా జంకుతాం. చెప్పులు పోయినయని పోలీసుకు ఎవరు చెప్తారు?

సంబంధాల సంగతికి మా సంఘంలో వయసులో పెద్దామె జవాబు చెప్పింది. ఆమె ఫంక్షన్ హాళ్లల్లో పని చేస్తది. "నేను ఇరవై ఏండ్ల సంది రాత్రి ఒంటిగంటకు రోడ్డు మీద నడుస్తున్న. నా గురించి ఎవరేమన్నా అంటే మీరే కొట్లాడిండ్రు. మరి గా పిల్ల గురించి అంటే కొట్లాడరా?" అన్నది. అప్పుడు ఎవరూ మాట్లాడలేదు.

దాంతో అందరూ ఒప్పుకున్నారని చెప్పం. ఒప్పుకోలేదు. ఆ మొదటి అక్క ఇప్పటికీ పంపనంటది. కానీ పంపాలంటే ఏమేం ఉండాలి అని అందరం కలిసి రాసుకున్నాం. ఆ అక్క కూడా చెప్పింది, ఆమె చెప్పినవి కూడా రాశాం. ఈ షరతులు ఇవి.

ఒకటి, ఏ పిల్లా ఒంటరిగా నిలబడొద్దు. ఆడపిల్లలు ఉన్న పాయింట్ దగ్గర మన సంఘం అక్కలు ఇద్దరు తప్పకుండా ఉండాలి.

రెండు, రాత్రి పదిన్నరకు ఆడపిల్లల డ్యూటీ ముగియాలి. నిమజ్జనం రోజు మాత్రం ఇంకో గంట, అదీ అమ్మానాన్నలు ఒప్పుకుంటేనే.

మూడు, డ్యూటీ అయినాక పిల్లను ఇంటి గుమ్మం దాకా దింపే బాధ్యత ఆ రోజు టేబుల్ దగ్గర ఉన్న అక్కలది. దింపినట్టు అమ్మతో పుస్తకంలో సంతకం తీసుకోవాలి. మనం పొదుపు పుస్తకంలో ఎట్లా రాస్తామో అట్లనే.

నాలుగు, ఎవరు ఎక్కడ ఉన్నారు అనే లిస్టు స్థానిక పోలీసు స్టేషన్‌లో, కాలేజీలో, సమాఖ్యలో మూడు చోట్లా ఉండాలి.

ఐదు, వాలంటీర్ల ఫోటోలు గ్రూపుల్లో, స్టేటస్‌ల్లో పెట్టొద్దు. ఎవరు పెట్టినా తీసేయించాలి. మన అక్కలు పెట్టినా అంతే.

ఆరు, పిల్ల మీద ఎవరైనా బస్తీలో మాట అంటే, ఆ మాటకు జవాబు సంఘం చెప్పాలి. పిల్ల తల్లి ఒక్కతే కొట్లాడే పరిస్థితి రావద్దు.

ఈ ఆరో షరతు చూస్తే చిన్నగనే ఉన్నది. మా అనుభవంలో ఇదే పెద్దది. ఆ ఆపా, అబ్బా ఒప్పుకోరు అన్న ఆమె, ఈ షరతులు కాగితం మీద ఇంటికి తీసుకపోయి భర్తకు చదివి వినిపించింది. ఆయన రెండు రోజులు మాట్లాడలేదట. తర్వాత, "నువ్వు కూడా అక్కడ కూర్చుంటనంటే పంపు" అన్నాడట. రంజాన్‌లో తల్లీబిడ్డా ఇద్దరూ వచ్చారు. బిడ్డ జాకెట్టు వేసుకొని నిలబడ్డది, తల్లి టేబుల్ దగ్గర కూర్చున్నది. ఆ నెలలో మా పాయింట్ దగ్గరికి వచ్చిన ఆడవాళ్లల్లో ఎక్కువమంది ఆ పిల్లనే వెతుక్కుంటూ వచ్చారు.

ఇప్పుడు ఆ ఎన్ఎస్ఎస్ పిల్లల్లో చాలామంది ఫైనలియర్ అయిపోయి వెళ్లిపోతున్నారు. జూన్‌లో కొత్త పిల్లలు వస్తారు. వాళ్లల్లో ఆడపిల్లలు లేకపోతే, వచ్చే నిమజ్జనానికి మగపిల్లలే జాకెట్లు వేసుకొని నిలబడతారు. మన ఆడవాళ్లు దూరం నుంచే చూసి తల వంచుకొని పోతారు. ఈ పని పేరుకు ఉంటది, మనకు పనికిరాదు. అందుకే ఇది కాలేజీ చేతిలో, పోలీసుల చేతిలో ఉన్న విషయం కాదు. ఈ హాలులో కూర్చున్న తల్లుల చేతిలో ఉన్నది.

మనం సంఘాలు పెట్టుకున్న కొత్తల్లో కూడా, ఆడవాళ్లు బ్యాంకుకు పోవుడేంది, మీటింగులకు పోవుడేంది అన్నవాళ్లు ఉన్నారు. ఒక్కదాన్నే పోతే మాట పడ్డాం. పదిమందిమి కలిసి పోతే మేనేజర్ కుర్చీ వేయించాడు. మనకు తెలిసిన బలం అదొక్కటే. దాన్నే ఇప్పుడు మన బిడ్డల వెనక పెట్టాలి.

తీర్మానం ఇది. మలక్‌పేట సంఘాలన్నీ కలిసి, ఇప్పుడు చదివిన ఆరు షరతులతో, వచ్చే వినాయక చవితి నుంచి విద్యార్థి వాలంటీర్లతో పాటు రాత్రి టేబుళ్లు నడపాలి. ఒక్కో సంఘం నుంచి ఇద్దరు అక్కలు పేరు ఇవ్వాలి. టార్చిలు, నీళ్ల క్యాన్లు, ఒక ఫస్ట్ ఎయిడ్ పెట్టె, శానిటరీ ప్యాడ్ల ప్యాకెట్లకు సమాఖ్య నిధి నుంచి ఖర్చు పెట్టాలి. మెట్రో స్టేషన్ దగ్గరి మలుపులో వీధి లైటు కోసం జీహెచ్ఎంసీకి అన్ని సంఘాల సంతకాలతో అర్జీ ఇవ్వాలి. బిడ్డను పంపాలా వద్దా అనేది ఎవరింటికి వాళ్ల ఇష్టం. దాని మీద ఎవరినీ బలవంతం చెయ్యం, పంపని తల్లిని తక్కువ చెయ్యం.

పాత చెప్పులు మాత్రం పారెయ్యకండి. బస్తా మళ్లీ నింపాలి.

తీర్మానం ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. ఒప్పుకోనివాళ్లు లేచి మీ మాట చెప్పండి, అది కూడా మినిట్స్ పుస్తకంలో రాస్తాం.